అటకెక్కిన పాట

‘‘గీ లొల్లిని పైసలు వెట్టి కొన్నవా కొడుకా?’’

1994 సంక్రాంతి సెలవుల్లో, కొత్తగూడలోని ఓ పెంకుటింట్లో, పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి ఓ తల్లి అడిగిన ప్రశ్న ఇది. అరుగు మీద పాత టేప్‌రికార్డరు. అందులోంచి చెవులు చిల్లులు పడేలా గిటారు మోత. పక్కనే పద్దెనిమిదేళ్ల కొడుకు... కళ్లు మూసుకుని, తలను పైకీ కిందకీ ఊపేస్తూ. అమ్మవారు పూనిందేమోనని ఆమె మొదట భయపడింది. పాటేనని తెలిశాక నవ్వుకుంది. కొడుకు మాత్రం జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి అతనికి ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది.

స్పీకరు పాడైందేమో!

కొత్తగూడ చుట్టూ అడవే. నర్సంపేటలో ఎర్రబస్సు ఎక్కితే, కాకతీయుల నాటి పాకాల చెరువును పక్కన వదిలేసి చెట్ల మధ్య నుంచి సాగే దారి. కోయగూడేలు, లంబాడా తండాలు, వరి పొలాలు, మొక్కజొన్న చేలు. అప్పట్లో అది వరంగల్ జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయాక మహబూబాబాద్ జిల్లాలో చేరింది.

ఆ ఊళ్లో అతని తండ్రి కమ్మరి. నాగలి కర్రు, కొడవలి, గొడ్డలి, పార... ఏది మొద్దుబారినా రైతు వచ్చేది ఆయన కొలిమికే. కూలి రూపాయల్లో కాదు, పంట చేతికొచ్చినప్పుడు కల్లం దగ్గర మేర కింద ఇన్ని వడ్లు కొలిచేవారు. బడికి వెళ్లేముందు, వచ్చాక తిత్తులు ఊదడం అతని పని. కాస్త పెద్దయ్యాక సమ్మెట చేతికొచ్చింది. తండ్రి పటకారుతో ఎర్రటి ఇనుమును దాకలి మీద పెట్టి, చిన్న సుత్తితో తట్టి చూపించేవాడు. సరిగ్గా ఆ చోటే కొడుకు సమ్మెటతో కొట్టాలి. టింగ్... ధన్! టింగ్... ధన్! లయ తప్పితే ఇనుము వంకర పోతుంది. ఆ వెంటనే తండ్రి మూతి కూడా!

1993లో డిగ్రీ చదవడానికి హన్మకొండ వచ్చాడు. ఇంటి నుంచి వచ్చేది గది అద్దెకే సరిపోయేది. తిండి ఖర్చు కోసం సాయంత్రాలు ఓ రిపేరు షాపులో చేరాడు. రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే షాపు. అక్కడికి ఎక్కువగా వచ్చేది రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లు. 2002లో నిట్‌గా మారింది ఈ కాలేజీయే. అందులో సగం సీట్లు ఇతర రాష్ట్రాల వాళ్లకు ఉండేవి. దాంతో కేరళ నుంచి, బెంగాల్ నుంచి, ఈశాన్యం నుంచి వచ్చే విద్యార్థుల ట్రంకు పెట్టెల్లో బట్టలతో పాటు వాళ్లు వినే పాటలు కూడా వరంగల్లో దిగేవి.

ఓ సాయంత్రం షిల్లాంగ్ విద్యార్థి ఒకడు టేప్‌రికార్డరు తెచ్చాడు. లోపల క్యాసెట్ ఇరుక్కుంది, టేపు పేగుల్లా బయటికొచ్చేసింది. అతను ఓపిగ్గా చిక్కు విడదీశాడు. పెన్సిలు దూర్చి తిప్పుతూ మళ్లీ చుట్టాడు. బాగైందో లేదో చూద్దామని బటన్ నొక్కాడు. గరగర... బరబర... ఒకటే మోత. ‘అయ్యో, స్పీకరు కూడా పోయింది’ అనుకున్నాడు. స్క్రూలు విప్పాడు. తీగలు చూశాడు. యాంప్లిఫయరు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. మర్నాడు షిల్లాంగ్ కుర్రాడు వచ్చి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. ‘‘పాడైంది కాదు భయ్యా, ఆ పాటే అంత!’’

నిజానికి మెకానిక్కుగా అతని అనుమానం తప్పు కాదు. యాంప్లిఫయరు భరించగలిగిన దానికన్నా ఎక్కువ బలంగా ధ్వనిని పంపిస్తే, తరంగానికి గుండ్రంగా ఉండాల్సిన శిఖరం తెగిపోతుంది. వినేవాళ్లకు గరుకుగా, బరువుగా తగులుతుంది. రిపేరు షాపులో దాన్ని లోపం అంటారు. హెవీ మెటల్‌కు అదే ప్రాణం.

ఆ క్యాసెట్ మెటాలికా అనే అమెరికన్ బృందానిది. 1988లో వచ్చిన ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’. ఒక రాత్రికి అడిగి తీసుకున్నాడు. ఆ రాత్రి నిద్రపోలేదు.

కొలిమి నుంచి పుట్టిన రాగం

ఇంగ్లిషు పూర్తిగా అర్థంకాని కమ్మరి కొడుకును ఆ మోత ఎందుకు పట్టేసింది? అతనికి అప్పట్లో తెలియదు. చాలాకాలం తర్వాత, ఆ సంగీతం పుట్టుక గురించి చదివినప్పుడు ఓ సంగతి తెలిసింది.

హెవీ మెటల్‌కు ఆద్యులుగా చెప్పే బృందం బ్లాక్ సాబత్. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరంలో 1968లో మొదలైంది. ఆ నగరం నిండా ఇనుము, ఉక్కు కర్మాగారాలే. గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉద్యోగం మానేస్తున్న ఆఖరి రోజునే యంత్రంలో చెయ్యి పడింది. కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం వాడు. అంటే గిటారు తీగల్ని నొక్కాల్సింది ఆ తెగిన వేళ్లతోనే! ఇంక వాయించలేవన్నారు. ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఓ రికార్డు తెచ్చి వినిపించాడు. జాంగో రైన్‌హార్ట్ అనే కళాకారుడిది. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా గిటారు వదలని మనిషి. అంతే, అయోమీ ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. వాటికి తోలుముక్కలు అంటించాడు. నొప్పి తగ్గేందుకు సన్నటి తీగలు వాడాడు. తర్వాత్తర్వాత వాటిని వదులు కూడా చేశాడు. వదులైన తీగ కింది స్థాయిలో, బరువుగా మోగుతుంది. ప్రపంచమంతా పాకిన ఆ బరువైన ధ్వనిలో ఓ కార్మికుడి గాయం కూడా ఉంది.

ఆ బృందం గాయకుడు ఆజీ ఆస్బోర్న్‌ది కూడా అదే బతుకు. పాటల్లోకి రాకముందు ఫ్యాక్టరీలో కారు హారన్లు సరిచూసే పనిచేశాడు, కబేళాలో పనిచేశాడు. వాళ్ల మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. బర్మింగ్‌హామ్ రేకుల మోత వింటూ పెరిగినవాళ్లు చేసిన పాట, కొత్తగూడ దాకలి మోత వింటూ పెరిగినవాడికి పరాయిగా అనిపించకపోవడంలో వింతేముంది?

పదిహేడు క్యాసెట్లు

అప్పట్లో వరంగల్ క్యాసెట్ దుకాణాల్లో ఇలాంటివి దొరకడం గగనం. దొరికినా కొనే స్తోమత లేదు. ఖాళీ క్యాసెట్ కొనడం, కాలేజీ కుర్రాళ్ల దగ్గర అరువు తెచ్చి రికార్డు చేసుకోవడం... అదొక్కటే దారి. ఒక్కో ఖాళీ క్యాసెట్ కోసం కొన్ని రాత్రుల భోజనం అరటిపళ్లతో సరిపెట్టేవాడు. రికార్డు చేశాక క్యాసెట్ నెత్తిన ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకుల్ని విరిచేయడం గుర్తుందా? పొరపాటున ఎవరైనా దానిమీద సినిమా పాటలు రికార్డు చేయకుండా ఆ జాగ్రత్త. ఆ పలుకు విరిచే చిన్న ‘టక్’ శబ్దం అతనికి భలే ఇష్టం. ‘ఇక ఇది నాది’ అన్నట్టుండేది.

అరవై నిమిషాల క్యాసెట్‌లో దాదాపు 90 మీటర్ల టేపు ఉంటుంది. దానిమీద పూసేది ఐరన్ ఆక్సైడు. మన భాషలో చెప్పాలంటే తుప్పు! ‘తుప్పు మీద లోహ సంగీతం’ అని స్నేహితులతో అంటుండేవాడు. టేపును కదపకుండా చాలాకాలం ఉంచితే ఇంకో వింత జరుగుతుంది. ఒక చుట్టులోని అయస్కాంత శక్తి పక్క చుట్టు మీద లీలగా అచ్చు పడుతుంది. అప్పుడు పాట మొదలయ్యే ముందు నిశ్శబ్దంలో, రాబోయే పాటే దూరంనుంచి పిలిచినట్టు సన్నగా వినిపిస్తుంది. చెవి ఒగ్గి వినేవాళ్లకే తెలుస్తుంది ఆ నీడ.

ప్రతి క్యాసెట్‌కూ ఓ లెక్క ఉండేది. పొడవాటి నోటుపుస్తకంలో తేదీ, ఎవరి దగ్గర తెచ్చింది, ఎ వైపు పాటలు, బి వైపు పాటలు, చివర్లో ‘ఎన్ని రాత్రులు పస్తు’... అన్నీ రాసేవాడు. 1993 నుంచి 1997 దాకా నాలుగేళ్లలో పోగైనవి పదిహేడు. ఒక్కోటీ కనీసం వందసార్లు విని ఉంటాడు.

ఓసారి సెలవులకు ఊరెళుతుంటే పాకాల దాటాక బస్సు ఆపారు. ఆ రోజుల్లో ఆ అడవి దారుల్లో తనిఖీలు మామూలే. విప్లవ గీతాల క్యాసెట్ దొరికినా అనుమానమే. అతని సంచిలో చూస్తే అన్నీ చేత్తో పేర్లు రాసిన క్యాసెట్లు! ‘‘ఏం పాటలివి?’’ అన్నాడు తుపాకీ పట్టుకున్నాయన. చెబితే నమ్మలేదు. డ్రైవరు దగ్గరున్న టేపులో పెట్టించాడు. అర నిమిషం మోగింది. బస్సులోని చంటిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ‘‘బంద్ చెయ్, బంద్ చెయ్... నీకేమన్న బీమారా తమ్మీ?’’ అని సంచి తిరిగిచ్చేశాడాయన. బస్సంతా ఘొల్లున నవ్వింది. తర్వాత చాలాకాలం ఊళ్లో అతన్ని ‘లొల్లి పాటలాయన’ అని పిలిచేవారు.

అటక మీదికి...

ఆ తర్వాత కథ అందరిదీ. 1999లో వరంగల్లో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం. 2003లో పెళ్లి. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి. సీడీలు పోయి పెన్‌డ్రైవులొచ్చాయి. పదిహేడు క్యాసెట్లు, నోటుపుస్తకం ఓ రేకు పెట్టెలోకి, రేకు పెట్టె కొత్తగూడ ఇంటి అటక మీదికి చేరాయి. 2007 మార్చి 17న లండన్ బృందం ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వస్తే, మర్నాడు పేపర్లో చదివి ఊరుకున్నాడు. ఇంట్లో ఏడాది పాప. 2011 అక్టోబరు 30న అదే నగరానికి మెటాలికా వచ్చింది. ఆ ఏడాదే తల్లి పోయింది. పాటల ధ్యాసే లేదు.

అటు ఊళ్లో కొలిమి కూడా చల్లబడింది. ట్రాక్టర్లొచ్చాక నాగలి కర్రుతో పనిలేకపోయింది. కొడవళ్లు, గొడ్డళ్లు తయారై దుకాణాలకే వస్తున్నాయి. తండ్రికి వయసు మీద పడింది. అంతకన్నా ముందే చెవులు పోయాయి. 85 డెసిబెళ్ల మోతను రోజుకు ఎనిమిది గంటలకు మించి వినకూడదంటారు నిపుణులు. ఆపై ప్రతి మూడు డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెళ్లయితే పావుగంటే! దాకలి మీద దెబ్బ ఆ అంకెను దాటడం మామూలే. యాభై ఏళ్లు ఆ దెబ్బల మధ్యే గడిపాడాయన. లోపలిచెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు ఓసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. ముందు సన్నటి శబ్దాలు పోతాయి. పక్షి కూత, పసిపిల్లల మాట, ఫోన్ మోత. బరువైన శబ్దాలు మాత్రం కొంతకాలం మిగులుతాయి.

ఫోన్‌లో ఏమడిగినా ఆయన జవాబు ఒక్కటే. ‘‘మంచిగనే ఉన్న బిడ్డా.’’ తిన్నావా అన్నా అదే, మందులేసుకున్నావా అన్నా అదే. వరంగల్లో చెవుల డాక్టరుకు చూపిస్తే రెండు చెవులకూ మిషన్లు పెట్టాలన్నారు. 42 వేలు. నెలనెలా కొంత తీసి పక్కన పెడుతూ వచ్చాడతను.

పార్సిళ్ల పండగ

2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్ మైదానంలో బ్లాక్ సాబత్ నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. పార్కిన్‌సన్స్ జబ్బుతో నడవలేని ఆజీ, సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. పదిహేడు రోజులకు, జులై 22న చనిపోయాడు. డెబ్బై ఆరేళ్లు. మర్నాడు పొద్దున ఫోన్‌లో ఆ వార్త చూసి అతను చాయ్ తాగడం మర్చిపోయాడు. ఆ ఆదివారమే కొత్తగూడ వెళ్లాడు. ఊరంతా నాట్ల హడావుడి. బయట ముసురు. నిచ్చెనేసి అటకెక్కితే రేకు పెట్టె అక్కడే ఉంది. పైన ఎలుకలు కొరికిన గోనెసంచి. లోపల పదిహేడు క్యాసెట్లు. కొన్నింటి టేపు మీద తెల్లటి బూజు. టేప్‌రికార్డరు తెరిస్తే రబ్బరు బెల్టు కరిగి జిగురైపోయింది.

చేతులు పాతపని మర్చిపోలేదు. జిగురు తుడిచి కొత్త బెల్టు వేశాడు. స్పిరిట్‌లో దూది ముంచి హెడ్ శుభ్రం చేశాడు. బూజు పట్టినవి పక్కన పెట్టి, బాగున్నది ఒకటి పెట్టాడు. సన్నటి గుసగుస... నీడ పాట! వెనకే అసలు పాట. నలభై తొమ్మిదేళ్ల గుమస్తా వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. అప్పుడు కొనలేకపోయినవన్నీ ఇప్పుడు కొనొచ్చు కదా! ఫోన్‌లో వెతికితే పాత క్యాసెట్లు అమ్మేవాళ్లు దేశమంతా ఉన్నారు. ప్రపంచమంతటా క్యాసెట్ల మీద మోజు మళ్లీ మొదలైంది. మెటాలికా వాళ్లే 2015లో తమ తొలినాటి డెమోను మళ్లీ క్యాసెట్‌గా విడుదల చేశారు. మొదటి వారం రెండు కొన్నాడు. రెండోవారం తొమ్మిది. ఆపై లెక్కలేదు. అసలు ముద్రణ ఒకటి, అదే ఆల్బమ్ వేరే దేశంలో అచ్చయింది ఒకటి. బొమ్మ తేడా ఉందని మరొకటి. తర్వాత ఎల్పీ రికార్డులు. రికార్డులున్నాక వాటిని వాయించే యంత్రం వద్దా? పార్సిళ్లు ఆఫీసుకు తెప్పించుకునేవాడు. సాయంత్రం టిఫిను సంచిలో పెట్టి ఇంటికి తెచ్చేవాడు.

భార్యకు తెలియకుండా ఉంటుందా? ‘‘మీ టిఫిను సంచి పొద్దున కన్నా సాయంత్రమే బరువెక్కుతోందేంటి?’’ అందోరోజు. ఇంజినీరింగ్ చదివే కూతురు మాత్రం తండ్రి వైపే. ఆమె దగ్గరా మెటాలికా టీషర్టు ఉంది. షాపింగ్ మాల్లో నల్లగా బాగుందని కొనుక్కుంది. ‘‘అది బ్యాండ్ పేరా డాడీ? బట్టల కంపెనీ అనుకున్నా’’ అంది.

సేకరణ పిచ్చి కొత్తదేం కాదు. మన హైదరాబాద్‌లోనే మూడో సాలార్‌జంగ్ జీవితమంతా, ఆస్తిలో పెద్దభాగం వస్తువులు కొనడానికే ఖర్చుపెట్టాడు. 1949లో ఆయన పోయాక, 1951లో వాటితో మ్యూజియం తెరిచారు. అందులో 43 వేలకు పైగా కళాఖండాలున్నాయి. నవాబు నుంచి గుమస్తా దాకా, అగ్గిపెట్టెలు దాచే పిల్లాడి దాకా అందర్నీ కుట్టేది ఒకటే చీమ. లేనిది ఒక్కటి ఉంటే, ఉన్నవన్నీ కంటికి ఆనవు. తేడా ఒక్కటే. నవాబు గారిది సొంత సొమ్ము.

ఎల్పీ యంత్రం కొన్నరోజు రాత్రి అతను లెక్క వేసుకున్నాడు. బీరువాలో 143 క్యాసెట్లు, 21 రికార్డులు. వీటిలో పూర్తిగా విన్నవి? పదో, పదకొండో. మిగతావి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. పార్సిలు వచ్చేదాకా ఆత్రం, చింపేదాకా సంతోషం, తర్వాత ఇంకో పార్సిలు. మరో లెక్క కూడా కనిపించింది. చెవి మిషన్ల కోసం దాచిన 42 వేలలో మిగిలింది 6 వేలు. ఎప్పుడు తీశాడో, ఎన్నిసార్లు తీశాడో కూడా గుర్తులేదు. ‘వచ్చేనెల పెట్టేద్దాం’ అనుకుంటూ తీసినవే అన్నీ. ఆ రాత్రి కూడా నిద్రపోలేదు. కానీ అది 1993 నాటి రాత్రిలాంటిది కాదు.

‘చేతికి రానిది...’

దసరాకు కుటుంబమంతా కొత్తగూడ వెళ్లారు. ఆరిన కొలిమి ముందు తండ్రి పనిముట్లు కడుగుతున్నాడు. ఏటా అంతే. కొలిమి ఆరినా దసరా పూజ మానడు. దాకలి, సమ్మెట, రెండు సుత్తులు, మూడు పటకార్లు, ఒక ఆకురాయి... వరసగా పేర్చి పసుపు కుంకుమ పెడుతున్నాడు. ఎనిమిదే వస్తువులు. యాభై ఏళ్ల పనికి ఎనిమిదే!

‘‘ఇంతేనా బాపూ? ఇంకా ఉండేటివి కదా?’’ అని చెవి దగ్గర గట్టిగా అరిచాడు.

‘‘ఉండె. ఎవలకు పనికొస్తయో వాళ్లకిచ్చిన. చేతికి రానిది కొలిమిల ఉండొద్దు కొడుకా, కాళ్లకడ్డం’’ అన్నాడాయన, తుడుస్తూనే.

ఆయన తన పటకార్ల గురించే చెప్పాడు. కొడుక్కి మాత్రం బీరువా గుర్తొచ్చింది. చెవుల మిషన్ల గురించి ఆయన ఒక్కసారీ అడగలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

అంతలో ముసలాయన అటూఇటూ చూశాడు. ‘‘నీ డబ్బేది?’’ అన్నాడు. కొడుక్కి అర్థంకాలేదు. ‘‘నువ్వు రిపేరు చేసిన పాటల డబ్బ. అదిగూడ పనిముట్టే గద!’’ అరుగు మీది టేప్‌రికార్డరును తనే తెచ్చి, దాకలి పక్కన పెట్టి బొట్టు పెట్టాడు. పూజయ్యాక కూతురు ఊరుకోలేదు. బటన్ నొక్కేసింది.

క్యాసెట్‌లో ‘వన్’ ఉంది. 1988 నాటి ఆ ఆల్బమ్‌లోదే. యుద్ధంలో కాళ్లూ చేతులూ, చూపు, వినికిడి అన్నీ పోగొట్టుకున్న సైనికుడి గోడు. ఏడు నిమిషాల పైచిలుకు పాట. మెల్లగా మొదలై, చివరికొచ్చేసరికి డ్రమ్ములు తుపాకుల్లా పేలతాయి. డ్రమ్మరు రెండు కాళ్లతో రెండు తొక్కుడు మీటలు నొక్కుతూ పెద్ద డ్రమ్మును ఎడతెగకుండా మోగిస్తాడు. అక్కడికి రాగానే ముసలాయన తల తిప్పాడు. డబ్బా దగ్గరికి జరిగాడు. స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు. ఇనుము వేడిని దూరంనుంచే చూసే చెయ్యి అది. కాయలు కాసిన చెయ్యి. కాసేపు కళ్లు మూసుకున్నాడు.

‘‘ఇద్దరు కొడుతున్నరా? ఒక్కడేనా?’’ అన్నాడు.

‘‘ఒక్కడే బాపూ. రెండు కాళ్లతోటి.’’

‘‘అట్లనా! లయ తప్పుతలేడు. మంచి పనోడే.’’

ముప్పై ఒక్క ఏళ్ల కిందట అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది. అతను డబ్బులు పెట్టి కొన్నది లొల్లిని కాదు. చిన్నప్పుడు రోజూ ఉచితంగా విన్న కొలిమి మోతనే, హన్మకొండ అద్దెగదిలో అది వినబడక, ఎన్నో రాత్రులు పస్తుండి మరీ కొనుక్కున్నాడు. అమ్మ ఉండి ఉంటే నవ్వేది.

ఫ్యాను లొల్లి

పండగ వెళ్లాక వరంగల్లో బీరువా తెరిచాడు. కవరు విప్పనివన్నీ తిరిగి అమ్మకానికి పెట్టాడు. కొన్నప్పటి ధర కొన్నింటికే వచ్చింది. మిగతావి నష్టానికే పోయాయి. ఎల్పీ యంత్రం ఓ కాలేజీ కుర్రాడు తీసుకెళ్లాడు. చాలనిది జీతంలోంచి వేసి నవంబరులో తండ్రికి మిషన్లు పెట్టించాడు. అన్ని ఏళ్ల తర్వాత మొదటిసారి వినిపించిన శబ్దాలకు ఆయన మురిసిపోతాడనుకున్నారంతా. ఆయన మొదటి మాట... ‘‘ఈ ఫ్యాను ఇంత లొల్లి చేస్తదా? బంద్ చేయిండ్రి!’’ కొత్తగా మిషన్ పెట్టుకున్నవాళ్లు సాధారణంగా అనేదే. మెదడు ఆ శబ్దాలకు మళ్లీ అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది.

ఇప్పుడు ఫోన్ చేస్తే ‘‘మంచిగనే ఉన్న’’ ఒక్కటే కాదు. మోకాళ్ల నొప్పి, పక్కింటాయన గొడవ, పాడైన మోటారు... ఓ పావుగంట పంచాయితీ. ఒక్కోసారి ఇతనే ‘‘ఉంటా బాపూ’’ అనాల్సి వస్తోంది.

బీరువాలో ఇప్పుడు ముప్పై క్యాసెట్లున్నాయి. పాత పదిహేడు, కొత్తవి పదమూడు. ముప్పై ఒకటోది కావాలంటే ఉన్నవాటిలో ఒకటి ఎవరికైనా ఇచ్చేయాలన్నది ఇంట్లో చేసుకున్న ఒప్పందం. ఆదివారం పొద్దున ఒక్క క్యాసెట్. మధ్యలో పాట మార్చడం లేదు. ఎ వైపు అయ్యాక లేచి, తిప్పి, బి వైపు. శబ్దం మాత్రం సగానికే. చెవుల ఖరీదు ఇప్పుడతనికి బాగా తెలుసు. 1997లో ఆగిన నోటుపుస్తకంలో మళ్లీ రాస్తున్నాడు. ‘ఎన్ని రాత్రులు పస్తు’ అని ఉన్నచోట ఇప్పుడు ‘ఎన్నిసార్లు విన్నాను’ అని ఉంది.

మొన్న ఊరెళ్లినప్పుడు మిషన్లు పెట్టుకున్న తండ్రికి ‘వన్’ మళ్లీ వినిపించాడు. ముసలాయన రెండు నిమిషాలు ఓపిక పట్టాడు. మొహం చిట్లించాడు. ఒక్కో చెవిలోంచి మిషన్ తీసి జేబులో వేసుకున్నాడు. స్పీకరు మీద చెయ్యి పెట్టాడు.

‘‘ఇప్పుడు మంచిగున్నది’’ అన్నాడు.